సగం సింఫనీ పంపి 'మీ సమస్య పరిష్కరించాం' అంటారా?

కస్టమర్ కేర్ వాళ్ళకి, వాళ్ళ పైన ఎవరైనా ఉంటే వాళ్ళకి,

నా ఫిర్యాదును మూసేసినట్టు నిన్న రాత్రి మళ్ళీ మెసేజ్ వచ్చింది. 'మీ సమస్య పరిష్కరించాం, మా సేవకు రేటింగ్ ఇవ్వండి' అని. ఏం పరిష్కరించారు? కొత్త రికార్డు రాలేదు, డబ్బు వెనక్కి రాలేదు, కనీసం ఒక్క మనిషి ఫోన్ చేసి అడగలేదు. రికార్డు తప్పుగా రావడం ఎక్కడైనా జరిగేదే, దానికి నేను ఇంత కోపం తెచ్చుకోను. చెప్పింది ఎవరూ చదవకుండానే మూసేస్తున్నారు చూడండి, అది నేను భరించలేకపోతున్నాను.

విషయం చిన్నదే. గుస్తావ్ మాలర్ రాసిన తొమ్మిదో సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే పెద్ద సంగీత రచన, బ్రూనో వాల్టర్ 1938లో వియన్నాలో ఆర్కెస్ట్రాని నడిపించి చేసిన రికార్డింగు, రెండు ఎల్పీల (పెద్ద గ్రామఫోన్ రికార్డుల) సెట్టు మీ దగ్గర కొన్నాను. నాలుగు భాగాలు, నాలుగు వైపులు. రెండో రికార్డు లేబుల్ మీద 3, 4 అని ఉంది కానీ ప్లేయర్ మీద పెడితే మొదటి రికార్డులోని సంగీతమే మళ్ళీ వస్తోంది. ఫ్యాక్టరీలో లేబుల్ తప్పు అంటించారు. మూడో భాగం, నాలుగో భాగం నాకు అసలు రానే లేదు.

చాట్‌లో మొదట దొరికినాయన ఫోటో పంపమన్నారు, పంపాను. 'లేబుల్ మీద 3, 4 అనే ఉంది కదా మేడమ్, ఐటెమ్ కరెక్టే' అన్నారు. లేబుల్ కరెక్టే, లోపలున్న సంగీతం తప్పు అని చెప్పాను. ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగి చాట్ కట్ చేశారు. మర్నాడు ఇంకొకరు, మొత్తం కథ మొదటినుంచి చెప్పించుకుని, ప్లేయర్ ముల్లు శుభ్రం చేసి చూడమన్నారు. ముల్లుకి దుమ్ము పడితే గరగరమంటుంది గానీ నాలుగో భాగం పోయి రెండో భాగం వస్తుందా? సరే, మాటలతో కాదనుకుని రుజువు పంపాను. రికార్డు మీద లేబుల్ చుట్టూ సంగీతం లేని చోట, అందులో ఏ సంగీతం ఉందో గుర్తుపట్టే నంబరు చెక్కి ఉంటుంది, రెండు రికార్డుల మీదా ఒకటే నంబరు ఉంది, దగ్గరగా ఫోటో తీసి పెట్టాను. దానికొచ్చిన జవాబు: 'రికార్డు మీద గీతలు కనిపిస్తున్నాయి, కస్టమర్ వల్ల జరిగిన డ్యామేజీకి రిటర్న్ వర్తించదు.' మీరు అమ్మే వస్తువు మీద ఫ్యాక్టరీ వేసిన నంబరు మీకే తెలియదు, పైగా తప్పు నామీద వేశారు!

ఫోన్‌లో ఒక అమ్మాయి మాత్రం ఓపిగ్గా విన్నది. రెండు రికార్డులూ ఫోన్ దగ్గర పెట్టి వినిపిస్తే 'అవును మేడమ్, రెండూ ఒకటే' అంది, రీప్లేస్‌మెంట్ పెట్టింది కూడా. ఆ అమ్మాయి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, దయచేసి ఆమెను ఏమీ అనకండి. కానీ పికప్‌కి వచ్చిన అబ్బాయి సీలు తెరిచిన పెట్టె తీసుకోకూడదని ఫోన్‌లో చూపించి వెళ్ళిపోయాడు. సీలు తీయకుండా లోపల ఏముందో ఎవరికైనా ఎలా తెలుస్తుంది? ఆ సాయంత్రం యాప్‌లో 'వస్తువు ఇవ్వడానికి కస్టమర్ నిరాకరించారు' అని పడింది. ఈ లోపు రిటర్న్ గడువు అయిపోయిందట. గడువు అయ్యేదాకా తిప్పింది మీరే కదా.

అన్నిటికంటే బాధ పెట్టింది ఆఖరాయన మాట. 'మిగతా పాటలు వస్తున్నాయి కదా మేడమ్, ఈ రెండు పాటలకి కూపన్ ఇస్తాం.' ఇవి పాటలు కావండి. మాలర్ దీన్ని 1909లో రాసి, ఒక్కసారి కూడా వినకుండా 1911 మేలో పోయాడు. మరుసటి ఏడు వియన్నాలో దీన్ని మొదటిసారి నడిపించింది వాల్టరే. అదే వాల్టర్ 1938 జనవరి 16న అదే ఊళ్ళో మళ్ళీ నడిపించాడు, రెండు నెలలు తిరక్కుండా హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. యూదుడైన వాల్టర్ ఆ ఊరు వదులుకోవాల్సి వచ్చింది. ఆ ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్ ఆర్నాల్డ్ రోజే, మాలర్ చెల్లెలి భర్త, ముసలి వయసులో లండన్ పారిపోయాడు. హాల్లో జనం దగ్గులు కూడా వినిపించే రికార్డింగు అది, అప్పట్లో 10 రికార్డుల మీద, 20 వైపులుగా అమ్మారు, మూడు నాలుగు నిమిషాలకోసారి లేచి తిప్పుకుంటూ విన్నారు జనం. నాలుగో భాగం చివర తంత్రీ వాద్యాలు మాత్రమే మిగిలి, మెల్లగా మెల్లగా ఆగిపోతుంది. ఆ సింఫనీ నడిచేదంతా అక్కడికే. అదే లేకుండా పంపి కూపన్ ఇస్తామంటారా?

మీ షాపు మొదలైన కొత్తలోంచీ మీ దగ్గరే కొంటున్నాను. బ్రుక్నర్, సిబేలియస్, రిచర్డ్ స్ట్రాస్ సంగీతం రికార్డులన్నీ మీ నుంచి వచ్చినవే. ఫోన్‌లోనే దొరుకుతుంటే రికార్డులెందుకని అన్నవాళ్ళ చేత కూడా మీ దగ్గర కొనిపించాను. అంతకాలంగా ఉన్న మనిషిని మీరు కనీసం నమ్మలేదు.

నాకు డబ్బు కాదు కావాల్సింది, 3, 4 వైపులు నిజంగా ఉన్న రెండో రికార్డు, పంపేముందు మీలో ఎవరైనా ప్లేయర్ మీద పెట్టి విని పంపాలి. స్టాకు లేకపోతే సెట్టు మొత్తం వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వండి. ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మీ గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు వెబ్‌సైట్‌లో వెతికాను, కనిపించలేదు, అది పెట్టడం కూడా మీ బాధ్యతే. ఈసారి కూడా ఎవరూ చదవకుండా మూసేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకి అక్కడ ఫీజు కూడా లేదు, కాబట్టి ఈ ధరకి ఎవరు కేసు వేస్తారులే అనుకోకండి, నేను వేస్తాను.

చాట్ స్క్రీన్‌షాట్లు, రెండు నంబర్ల ఫోటోలు మళ్ళీ జతచేశాను. సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేయండి, పికప్‌కి పంపేవాళ్ళకి సీలు తెరిచిన పెట్టె తీసుకోవచ్చని ముందే చెప్పి పంపండి.