వారానికో ఆరోగ్య క్లాసు మా పిల్లలకు ఇప్పించండి

గౌరవనీయులైన విద్యాధికారి గారికి,

నమస్కారం. మాది మదనపల్లె దగ్గర పల్లె, పన్నెండేళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మీ ఆఫీసుకు మూడు అర్జీలిచ్చాను, ఒక్కదానికీ జవాబు రాలేదు, అందుకే నలుగురూ చూసేలా రాస్తున్నాను.

మా అమ్మాయి సర్కారు బడిలో ఎనిమిదో తరగతి. మొదటిసారి నెలసరి బడిలోనే వస్తే, ఏదో రోగం అనుకుని స్వెట్టర్ నడుముకు చుట్టుకుని సాయంత్రం దాకా బెంచీ మీంచి లేవలేదండీ, నీళ్లు కూడా తాగలేదట. ముందే చెప్పకపోవడం నా తప్పు కూడా. కానీ సైన్సులో కౌమార దశ పాఠాన్ని "ఇంట్లో చదువుకోండి" అని దాటేశారు.

2020లో కేంద్రం మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం బడికి ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇచ్చి, వారానికో క్లాసు పెట్టి 11 అంశాలు చెప్పాలి. ఎదుగుదల, మానసిక ఆరోగ్యం, ఆడ మగ సమానత్వం, హెచ్.ఐ.వి. నివారణ, ఇంటర్నెట్ జాగ్రత్తలు అన్నీ అందులో ఉన్నాయి. మా బడిలో ఆ ఇద్దరూ ఎవరంటే చెప్పేవాళ్లే లేరు.

ఇవి చెబితే పిల్లలు చెడిపోతారని మా వీధిలోనూ భయపడేవాళ్లున్నారు, వాళ్లతో నేను మాట్లాడతాను. ఒంటి మీద చెయ్యి వేసినవాడి గురించి ఎలా చెప్పాలో మాటే తెలియని పిల్లకు, పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ఎలా అందుతుంది సార్?

ఒక టీచరమ్మను, ఒక సారును నియమించి, ఆ క్లాసును టైంటేబుల్‌లో వేయించండి. మగపిల్లలను బయటికి పంపకుండా అందరికీ చెప్పించండి. నెలలోపు రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
ఒక తల్లి