హాని లేదని చూపాల్సింది కంపెనీలే

సంపాదకుడు గారికి,

మా మండలంలో మందుల ఫ్యాక్టరీ విస్తరణపై జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ గురించి గత వారం మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. 'కాలుష్యం ఉందని ఆధారాలుంటే ఇవ్వండి, పరిశీలిస్తాం' అని అధికారి చెప్పినట్టు రాసి ఊరుకున్నారు. ఆయనకు ఆ మాట అనే హక్కు ఉందా అని మీ విలేకరి అడగలేదు. ఆ షామియానా కింద నేనూ ఉన్నాను కాబట్టి రాయక తప్పడం లేదు.

మా ఊరి ఆడవాళ్లు బోరు నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చారు. టీ రంగులో ఉన్నాయి, పైన సన్నటి తెట్టు, మూత తీస్తే ముక్కు మండే వాసన. వాటిని బల్ల మీద పెడితే 'ఇది ల్యాబ్ రిపోర్టు కాదు కదమ్మా' అని ఒకాయన సీసాలు తీయించి కింద పెట్టించారు. నీళ్లలో ఏ రసాయనం ఎంతుందో తేల్చే పరీక్షలు కూలి చేసుకునేవాళ్లు చేయించుకోగలిగేవా? ఏ ట్యాంకులో ఏముందో కంపెనీ చెప్పదు, గేటు లోపలికి మమ్మల్ని రానివ్వదు. ఆధారం మాత్రం మేం తేవాలి!

చట్టం చెప్పేది దీనికి పూర్తిగా తలకిందులు. ముందుజాగ్రత్త సూత్రం మన దేశ చట్టంలో భాగమేనని వెల్లూరు తోలు శుద్ధి కర్మాగారాల కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. తీవ్రమైన హాని జరిగే ప్రమాదం కనిపిస్తున్నప్పుడు, శాస్త్రీయంగా పూర్తిగా తేలలేదని నివారణ చర్యలు ఆపకూడదు. తన పని వల్ల పర్యావరణానికి ముప్పు లేదని రుజువు చేసే భారం పరిశ్రమదే. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా ఈ సూత్రాన్ని పాటించాలని 2010 నాటి దాని చట్టం 20వ సెక్షన్ అంటోంది.

ఈ విషయంలో పేరున్న తీర్పుల్లో ఒకటి మన గడ్డ మీది కేసులోనే వచ్చింది. హైదరాబాద్‌కు నీళ్లిచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు వద్దని 1996లో 111 జీవో ఇచ్చారు. ఆ హద్దులోనే, శంషాబాద్ దగ్గర పెద్దషాపూర్‌లో ఒక నూనె కంపెనీ ఫ్యాక్టరీ కట్టేసింది. కాలుష్య నియంత్రణ మండలి కాదంటే, సర్కారు మాత్రం మినహాయింపు ఇచ్చింది. సుప్రీంకోర్టులో జస్టిస్ ఎం. జగన్నాథరావు 1999 జనవరిలో రాసిన తీర్పు రుజువు భారం ఎవరిదో విడమరిచి చెప్పింది. 2000 డిసెంబరులో ఆ మినహాయింపు చెల్లదని కోర్టు తేల్చింది. అప్పటికే పెట్టుబడి పెట్టేశామన్న వాదన అక్కడ నిలవలేదు.

గమనించండి, అప్పట్లో మండలి సర్కారుకు, కంపెనీకి ఎదురు నిలబడింది. ఇప్పటి అధికారులకు ఆ తీర్పు తెలియదా, తెలిసీ తెలియనట్టుంటారా? ఆ చెరువులకే దిక్కు లేకుండా పోయింది. నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కదా అని 2022లో 69 జీవో తెచ్చి 84 గ్రామాల్లో ఆ 111 జీవో ఆంక్షలు ఎత్తేశారు. ఎత్తేస్తే చెరువులకు హాని లేదని ముందు ఎవరు రుజువు చేశారు?

రుజువు కోసం ఆగితే ఏమవుతుందో విశాఖలో చూశాం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి పక్కనున్న ఆర్‌ఆర్ వెంకటాపురం మీదికి వచ్చింది. సైరన్ మోగలేదు. 12 మంది చనిపోయారు. కేంద్ర పర్యావరణ అనుమతి లేకుండానే నడిపామని ఆ కంపెనీ అంతకు ముందు ఏడాదే అఫిడవిట్‌లో ఒప్పుకుంది. కాగితం అధికారుల దగ్గరే ఉంది, ఎవరూ కదల్లేదు. ప్రతిచోటా ఇదే తంతు. ఫ్యాక్టరీ వచ్చేది పేదల ఊళ్ల పక్కకే, పెద్దవాళ్ల కాలనీల పక్కకు రాదు.

ఇంకో మాట. పర్యావరణ ప్రభావ నివేదిక రాసే కన్సల్టెంటుకు డబ్బిచ్చేది కంపెనీయే. అది వందల పేజీల ఇంగ్లిష్. స్థానిక భాషలో సారాంశం ఉండాలని, ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలని 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది. మా ఊళ్లో చాలామందికి ఆ రోజు టెంటు వేస్తుంటేనే తెలిసింది. పత్రికలు ఒకప్పుడు ఇలాంటివి ముందే తవ్వి తీసేవి. ఇప్పుడు కంపెనీ ఫుల్ పేజీ ప్రకటన ఒక పేజీలో, ఊరి గోడు లోపల ఎక్కడో నాలుగు లైన్లలో వస్తోంది. మీ పత్రికను చిన్నప్పటి నుంచి చదువుతున్న వాణ్ని కాబట్టి బాధతో అంటున్నాను.

మేం అడిగేవి పెద్ద కోరికలు కావు. ఆ బోర్ల నీళ్లను మండలి తన ఖర్చుతో, గ్రామస్తుల ఎదుటే తీసి పరీక్ష చేయించాలి. ఫలితం తెలుగులో పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టాలి. నీళ్లు పాడు చేయలేదని కంపెనీ చూపించేదాకా విస్తరణ ఫైలు ఆపాలి. ఈ మూడింటి మీద కలెక్టరు గారి సమాధానం తీసుకుని మీ పత్రికలో వేయండి.

— విశ్రాంత ఉపాధ్యాయుడు,
రంగారెడ్డి జిల్లా