పేరు చెప్పకుండా వెళ్లిపోయిన రిటైర్డ్ కండక్టర్ గారికి

పాత సిటీ బస్సు రూట్ల గురించి రిటైరైన ఉద్యోగుల జ్ఞాపకాలు రాసుకుంటున్న మాకు, డిపో గేటు దగ్గర నిలబడి మీరు చేసిన సాయానికి చాలా కృతజ్ఞతలండీ. మా చేతిలో ఉన్న పాత వే బిల్లులో, అంటే కండక్టర్ టికెట్ల లెక్క రాసే కాగితంలో, అన్నీ అంకెలే. ప్రతి స్టేజీ దగ్గర ఏ రేటు టికెట్ ఏ నంబరు దాకా తెగిందో రాసేవారని, ఒక స్టేజీ దగ్గర రాసిన టికెట్ నంబరులోంచి అంతకుముందు స్టేజీ దగ్గర రాసిన నంబరు తీసేస్తే మధ్యలో ఎన్ని టికెట్లు కొట్టారో వస్తుందని మీరు చెప్పాకే ఆ కాగితం మాకు అర్థమైంది. పాసులవాళ్లు, ఎక్కడ ఎవరు దిగారన్నది అందులో ఉండవనీ మీరే హెచ్చరించారు. లేకపోతే ఆ లెక్కనే మొత్తం రద్దీ అనుకునేవాళ్లం!

బస్సు నిండా జనం, స్టేజీ వచ్చేస్తోంది, ఇంకా వెనక సీట్లవాళ్లకి టికెట్లు కొట్టలేదు. ఆ టెన్షన్ గురించి మీరు నవ్వుతూ చెప్పారు గానీ, వింటున్న మాకే చెమటలు పట్టాయి. చెకింగ్ వాళ్లు సరిగ్గా అప్పుడే ఎక్కుతారట.

మీతో వచ్చిన డ్రైవర్ గారికీ థాంక్స్. తిరుగు ట్రిప్పు పక్క వీధిలోంచి ఎందుకొచ్చేదో, ఆ మలుపు ఎంత ఇరుకో ఆయన గీసి చూపించారు. వే బిల్లు జిరాక్సు ఒకటి గేటు దగ్గర మీకోసం ఇచ్చి ఉంచాం, అటు వచ్చినప్పుడు తీసుకోండి.