భాషా కార్యశాలల్లో పని ఎప్పుడు చేయిద్దాం?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం, దగ్గర పడుతోందంటే చాలు, నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో తెలుగు శాఖలకు హడావిడి మొదలవుతుంది. భాషాశాస్త్రం, పద నిర్మాణం, అర్థ విచారం లాంటి పేర్లతో ‘జాతీయ కార్యశాల’ అని ఆహ్వానాలు అచ్చవుతాయి. మంచి సంగతే. తీరా లోపలికి వెళ్తే చాలాచోట్ల జరిగేది సభ. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ముఖ్య అతిథి ప్రసంగం, మనిషికి పది నిమిషాల చొప్పున పత్ర సమర్పణలు, సాయంత్రానికి సర్టిఫికెట్లు. ఇంటికి వెళ్లే విద్యార్థి చేతిలో తను విడదీసిన మాట గానీ, తను రాసిన అర్థం గానీ ఒక్కటీ ఉండదు. ఆ రోజు ఎవరి పుట్టినరోజని ఈ సందడో ఆ గిడుగు రామమూర్తి మాత్రం సవర అనే గిరిజన భాషను సవరల నోట విని నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు.

ఈ విషయాలు బోధించేవాళ్లం కాబట్టి, కార్యశాలలో పని జరగాలంటే ఏం చేయాలో కొంచెం వివరంగానే రాస్తున్నాం.

ముందు మనుషుల లెక్క. ఇరవై నాలుగు మంది చాలు, అయిదు రోజులు కావాలి. నలుగురేసి ఆరు జట్లు. ఊళ్లోకి వెళ్లినప్పుడు ఒకరు అడగాలి, ఒకరు రికార్డింగ్ చూసుకోవాలి, ఒకరు కార్డు రాయాలి, ఒకరు ఫొటోలు తీస్తూ వదిలేసిన ప్రశ్నలు గుర్తుచేయాలి. నూటయాభై మందిని పిలిస్తే హాలు నిండుతుంది, ఫొటో బాగా వస్తుంది, అభ్యాసాలు దిద్దేవాళ్లు మాత్రం దొరకరు.

మొదటి రోజంతా పదాన్ని విడదీయడానికే పెట్టాలి. మన విద్యార్థులకు సంధి పేరు చెప్పడం బాగా వచ్చు. ‘ఉత్వ సంధి’ అనేసి కలం మూసేస్తారు. పద నిర్మాణంలో అడిగేది వేరు. అర్థమున్న అతి చిన్న ముక్క ఏది, అది ఎన్ని రూపాల్లో కనిపిస్తుంది, ఏ రూపం ఎక్కడ వస్తుంది? ‘చేయించలేకపోయారు’ అని బోర్డు మీద రాసి వదిలేయండి. ధాతువు, ప్రేరణను చెప్పే ‘ఇంచు’, చివరి ‘రు’ తొందరగానే బయటపడతాయి. ‘లేక’ దగ్గర సగం మంది ఆగిపోతారు. దాని పక్కన ‘తినక’, ‘రాక’ రాస్తే వ్యతిరేకాన్ని చెప్పే ‘క’ దానంతటదే విడిపోతుంది. ‘పో’ దగ్గర ఇంకో పేచీ ఉంటుంది. ఇక్కడ ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు. అనుకున్నది జరగలేదని చెప్పడమే దాని పని. ఆ తర్వాత ముక్కల వరస మార్చి చూడమనాలి. ‘చేయలేకపోయించారు’ అని తెలుగువాడెవడూ అనడు. ఏ ముక్క ఏ ముక్కకు ముందు రావాలో అప్పుడు వాళ్లే సూత్రం రాస్తారు. ఆ సూత్రం మనం నోట్సు చెప్పి రాయిస్తే మర్నాటికి గుర్తుండదు.

మధ్యాహ్నం నామవాచకాలు పట్టించాలి. ఇల్లు, ఏరు, రోలు, నుయ్యి, కన్ను ఇచ్చి, విభక్తి చేరేముందు రూపం, బహువచనం రాయమంటే ఇంటి, ఏటి, రోటి, నూతి, కంటి అనీ, ఇళ్లు, ఏళ్లు, రోళ్లు, నూతులు, కళ్లు అనీ వస్తాయి. ‘నూతులు’ ఎందుకు తేడాగా ఉందో వెతకనివ్వండి. అందరూ కుదుటపడ్డాక సంవత్సరం అనే అర్థంలో ‘ఏడు’ ఇవ్వండి. దానికీ ‘ఏటి’, ‘ఏళ్లు’ అనే వస్తాయి. ‘ఏటి గట్టు’లో పెన్న ఉంది, ‘గత ఏటి లెక్కలు’లో సంవత్సరం ఉంది. రూపం చూసి మూలపదం చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాములు సరిగ్గా ఇలాంటి చోటే బోల్తా పడతాయి. పక్కనున్న మాట చూడకుండా ఇది తేలదు. కంప్యూటర్ సంగతి ఎటూ వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. పెళ్లి, పెళ్ళి అని ఇద్దరు రెండు రకాలుగా కొడితే యంత్రానికి అవి రెండు మాటలు. అయిదో రోజు పదాల లెక్క తీసినప్పుడు ఒకే మాట రెండుచోట్ల తేలుతుంది. ఏ వర్ణక్రమం వాడాలో మొదటి రోజే ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాలి.

రెండో రోజు అర్థం. ఎక్కువ శాతం కార్యశాలలు తేలిపోయేది ఇక్కడే. పర్యాయపదాలు, నానార్థాలు, అర్థ సంకోచం, అర్థ వ్యాకోచం అంటూ పేర్లు, పేరుకో ఉదాహరణ, అంతటితో సరి. దానికి బదులు ఒక పట్టిక ఇవ్వండి. నిలువు వరసలో కోయు, తరుగు, నరుకు, తుంచు, కత్తిరించు, చీల్చు. అడ్డంగా వంకాయ, మల్లెపూలు, వరి, కరివేపాకు, బట్ట, కట్టె, జుట్టు, కొబ్బరి మట్ట. ఏ క్రియ దేనితో కుదిరితే అక్కడ టిక్కు, కుదరకపోతే ఇంటూ, సందేహమైతే ప్రశ్న గుర్తు. ఎవరి కాగితం వాళ్లు మౌనంగా నింపాలి. ముందే చర్చ పెడితే ప్రొఫెసర్ గారు పెట్టిన టిక్కే అందరి టిక్కూ అవుతుంది.

ఆ తర్వాత ‘కోయు’కు అర్థం రాయమనండి. ‘కత్తితో ముక్కలు చేయడం’ అని రాస్తారు. మల్లెపూలు కోయడానికి కత్తి అక్కర్లేదు, పూలను ముక్కలూ చేయం. అక్కడ మొక్క నుంచి పంటను వేరుచేయడం ఉంది. అయితే ఇది ఒకే అర్థమా, రెండా? దీన్ని ఊహతో తేల్చకూడదు, పరీక్ష ఉంది. ‘అక్క వంకాయలు కోసింది, చెల్లెలూ కోసింది’ అనే వాక్యం తీసుకోండి. ఇద్దరూ పెరట్లో ఉండవచ్చు, లేదా ఇద్దరూ కత్తిపీట ముందు ఉండవచ్చు. అక్క పెరట్లో, చెల్లెలు కత్తిపీట దగ్గర ఉన్నారని ఆ వాక్యంతో చెప్పలేం. అంటే ఇవి రెండు వేరు వేరు అర్థాలు, నిఘంటువులో రెండు అంకెలు పడాలి. ఈ ఒక్క పరీక్ష చేతికొస్తే విద్యార్థి ఏ క్రియనైనా తూచగలడు. నానార్థాల పట్టిక బట్టీ పడితే ఈ సంగతి ఎన్నటికీ తెలియదు.

మూడో రోజు ఊళ్లోకి. పాటూరు మగ్గాలు, కొండపి వైపు పొగాకు బ్యారన్లు, ఇందుకూరుపేట రొయ్యల చెరువులు, డెల్టా వరి కయ్యలు, మనకు వృత్తులకేం కరువు? జట్టుకు ఒక ఊరు, ఊరికి ఒక వృత్తి. అక్కడే పుట్టి పెరిగి ఇప్పటికీ ఆ పని చేస్తున్నవాళ్లు కనీసం ముగ్గురు కావాలి. ఆడవాళ్ల చేతి మీద జరిగే పనులకు ఆడవాళ్లనే అడగాలి. నాట్ల మాటలు భూస్వామిని అడిగితే సగమే వస్తాయి.

అడిగే తీరులోనే ఉంది అంతా. మాట మనమే అందించకూడదు. మగ్గంలో అడ్డపోగు నడిపే పనిముట్టును చూపి ‘దీన్ని నాడె అంటారా?’ అంటే మర్యాద కొద్దీ ‘అంటామండీ’ అంటారు. వస్తువు చూపించి, ఇదేంది, దీంతో ఏం చేస్తారు, ఇది చెడిపోతే ఏమంటారు అని అడగాలి. మూడో ప్రశ్న మానకండి. వస్తువుల పేర్లు మొదటి రెండింటికే వస్తాయి, క్రియలు మాత్రం చెడిపోయినప్పుడే బయటికొస్తాయి. ఇంకో ఇబ్బంది ఏమంటే, ప్యాంటూ చొక్కా వేసుకున్న మనిషిని చూడగానే ఊరివాళ్ల ‘చేస్తా ఉండాడు’ కాస్తా ‘చేస్తున్నాడు’ అయిపోతుంది. ప్రశ్నలు ఆపి, వాళ్లలో ఇద్దరిని పని గురించి మాట్లాడుకోనిస్తే పది నిమిషాల్లో అసలు మాట తిరిగి వస్తుంది.

రికార్డింగ్‌కు ఫోను చాలు. ముందు అనుమతి అడిగి, ఆ అనుమతిని కూడా రికార్డు చేయాలి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను ఆపించి, మాట్లాడే మనిషికి జానెడు దూరంలో ఉంచాలి. వేవ్ ఫైలుగా 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో తీస్తే ఒక్క ఛానెల్‌కు నిమిషానికి 5 ఎంబీ పైన అవుతుంది. దాన్ని వాట్సాప్‌లో ఆడియోగా పంపుకోకండి. ధ్వని నొక్కుకుపోయి హల్లుల తేడాలు చెరిగిపోతాయి. కేబుల్‌తో కాపీ చేసుకోవాలి.

నాలుగో రోజు విన్నది రాయడం. కొత్తవాళ్లకు గంట రికార్డింగ్ రాయాలంటే రోజంతా పడుతుంది, కాబట్టి జట్టుకు ఇరవై నిమిషాలే ఎంచి ఇవ్వాలి. విన్నది రాయకుండా దిద్ది రాయడం ఇక్కడి జబ్బు. ‘తినేదానికి’ అన్నది విని ‘తినడానికి’ అని రాసేస్తారు. మేకలో మొదటి అచ్చును మనం పలికే తీరుకు లిపిలో గుర్తు లేదు, దానికి ఒక గుర్తు ముందే ఒప్పుకోవాలి. చాపలో పలికే చకారానికి ౘ, జామలో పలికే జకారానికి ౙ యూనికోడ్‌లో ఉన్నాయి, వాడుకోవచ్చు.

కార్డు మీద మాట, ఉచ్చారణ, బహువచనం, విభక్తికి ముందు రూపం, అర్థం, వాళ్లే చెప్పిన వాక్యం, ఫొటో నంబరు ఉండాలి. స్థలం దగ్గర జిల్లా పేరు ఒక్కటే రాస్తే పనికిరాదు. ఒంగోలులో 1928లో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వచ్చింది. అప్పటికి ప్రకాశం జిల్లాయే లేదు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు ముక్కలు కలిపి దాన్ని చేశారు. ఆ పుస్తకంలో నెల్లూరు మాట అని ఉంటే అది కనిగిరిదీ కావచ్చు, పొదిలిదీ కావచ్చు. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరులోకి వచ్చింది. జిల్లాల గీతలు ఇలా జరుగుతూనే ఉంటాయి గనక ఊరు, మండలం, తేదీ రాయండి.

అయిదో రోజు ఆరోపాలు, అంటే నిఘంటువులో ఒక్కో మాటకు రాసే పద్దులు. జట్టుకు పది మాటలు పూర్తిచేస్తే గొప్ప. ఎలాంటి చోట తప్పు పోతుందో ఒక మాట చూపిస్తాం. ‘కౌంట్’. నిఘంటువులో ‘లెక్క’ అని రాస్తే రొయ్యల రైతు నవ్వుతాడు. 30 కౌంట్ అంటే కిలోకు 30 రొయ్యలు తూగడం, 100 కౌంట్ అంటే 100 తూగడం. కౌంట్ పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. మగ్గం దగ్గర 80 కౌంట్ నూలంటే 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) 80 కలిసి ఒక పౌండు తూగే నూలు. కౌంట్ పెరిగేకొద్దీ దారం సన్నం, ధర ఎక్కువ. రెండుచోట్లా అంకె పెద్దదైతే సరుకు సన్నబడుతుంది, ధర మాత్రం ఎదురు దిక్కుకు పోతుంది. కొలమానం, దేనికి వాడతారు, పెరిగితే ఏమవుతుంది, ఈ మూడూ లేని ఆరోపం ఎవరికీ అక్కరకు రాదు. ‘పుట్టి’ కూడా ఇంతే. నెల్లూరు వడ్ల లెక్కలో అది 850 కిలోలు, నీటి మీద అయితే బుట్ట పడవ, వాక్యంలో ‘పుట్టి పెరిగి’ అంటే అసలు క్రియ. మూడు ఆరోపాలు పడాలి, వడ్ల పుట్టికి ఏ ప్రాంతపు తూకమో చెప్పి తీరాలి. ‘ఎడగారు’కు వట్టి ‘రెండో పంట’ అని రాయకుండా ఏ నెలల్లో వేస్తారో, ఏ నీళ్లతో పండుతుందో కూడా రాయాలి.

2008లో ప్రాచీన హోదా వచ్చాక మైసూరులో నడిచిన తెలుగు అధ్యయన కేంద్రం ఇప్పుడు నెల్లూరులోనే ఉంది. కాలేజీలు విడివిడిగా కాకుండా ఒకే కార్డు నమూనా ఒప్పుకుంటే ఏటా చేరే పదాలన్నీ ఒకచోట పోగవుతాయి. ఫైళ్లు సమన్వయకర్త ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతే ఆయన బదిలీతో అవీ పోతాయి. ఒక ప్రతి కాలేజీ గ్రంథాలయానికి, ఒకటి ఆ కేంద్రానికి ఇవ్వాలి. మూడోది పెద్ద అక్షరాల్లో అచ్చువేసి, పదాలు చెప్పిన ఊరి గ్రంథాలయంలోనో పంచాయతీ ఆఫీసులోనో గోడకు అంటించి, పక్కన తాడుకు ఒక పెన్ను కట్టాలి. నెల తర్వాత ఒక విద్యార్థి వెళ్లి ఊరివాళ్లు కొట్టేసినవీ కలిపినవీ రాసుకుని రావాలి. శాలువాల ఖర్చులో కొంత తగ్గిస్తే ఆ బస్సు చార్జీలు వచ్చేస్తాయి.

ఇట్లు,
భాషాశాస్త్రం బోధించే కొందరు అధ్యాపకులు,
నెల్లూరు