తాతయ్య రీలు డబ్బా గురించి డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

పాత సినిమాలను భద్రపరిచే బాధ్యత చూస్తున్న డైరెక్టర్ గారికి నమస్కారం.

ఏడాదిలో మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ రాస్తున్నాను.

మా తాతయ్య టూరింగ్ టాకీస్‌లో ఆపరేటర్. ఆయన ట్రంకు పెట్టెలో ఒక రేకు డబ్బా దొరికింది. మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఎలాగో తీసి చూస్తే రీలు చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. అంచు తాకితే వేలికి గోధుమరంగు పొడి అంటింది. అది ఏ సినిమానో చెప్పడానికి తాతయ్య లేరు. పాతకాలంలో వాడిన నైట్రేట్ ఫిల్మే అయితే నిప్పు సోకితే భగ్గుమంటుంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, రాత్రిళ్లు టెన్షన్‌గా ఉంటోంది. అలాగని పారేయడానికి మనసొప్పడం లేదు.

ఎందుకు ఒప్పదో మీకు తెలియంది కాదు. 1932లో వచ్చిన మన తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఈరోజు లేదు. లీలావతిగా సురభి కమలాబాయి తెరమీద ఎలా పలికారో మనం వినలేం. 1931 నాటి తమిళ, తెలుగు మాటలు కలిసిన ‘కాళిదాస్’, మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’లదీ అదే గతి. 2003లో పుణెలో పాత సినిమాలు దాచిన చోట జరిగిన అగ్నిప్రమాదంలో ఎన్నో నైట్రేట్ రీళ్లు బూడిదయ్యాయి. ఇంకా ఏమైనా మిగిలి ఉంటే మాలాంటి వాళ్ల అటకల మీదే ఉండాలి.

ఈ నెలాఖరులోగా నిపుణుణ్ని పంపి, రసీదు ఇచ్చి, డబ్బాను తీసుకెళ్లండి. అందులో ఏముందో తేలాక మాకు తెలియజేయండి. పాత రీళ్లు, పాటల పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు ఉన్నవాళ్లు ఎవరికి అప్పగించాలో పత్రికల్లో ప్రకటన ఇవ్వండి.

డబ్బాను ప్రస్తుతం వంటింటికి దూరంగా, పెరట్లో నీడపట్టున ఉంచాను. ఎండాకాలం వచ్చేస్తోంది.

భవదీయురాలు,
ఒక ఆపరేటర్ మనవరాలు