అంగన్‌వాడీ ఉపసంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులకు నమస్కారం.

కాలనీ అంగన్‌వాడీకి ఈ ఏడాది గోడలకు రంగులు వేయించాం, రెండు ఫ్యాన్లు ఇచ్చాం. లెక్కలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. మమ్మల్ని ఎక్కువగా తిప్పలు పెట్టింది పిల్లల ఇళ్లవాళ్లతో మాట్లాడే పని.

మొదట మా పొరపాటు ఒప్పుకోవాలి. తల్లుల సమావేశానికి ఎవరూ రావడం లేదని గేటుకు పెద్ద నోటీసు అంటించాం, వాట్సాప్ గ్రూపు పెట్టాం. అయినా వచ్చింది నలుగురే. విచారిస్తే తెలిసింది, పిల్లలను దింపేదీ తీసుకెళ్లేదీ నాయనమ్మలు, అమ్మమ్మలు. ఫోను తండ్రి జేబులో ఉంటుంది. భవన నిర్మాణ పనులకు ఒడిశా నుంచి వచ్చినవాళ్లకు తెలుగు చదవడం రాదు. పైగా మేం పెట్టిన వేళ ఉదయం పదకొండు! పనికి వెళ్లే తల్లి ఎలా వస్తుంది? నోటీసు చింపేసి, సమావేశాన్ని పిల్లలను తీసుకెళ్లే వేళకు మార్చాం.

ఆగస్టులో ఒక రెండున్నరేళ్ల పాప బరువు గ్రోత్ చార్టులో ఆకుపచ్చ నుంచి పసుపులోకి, అంటే వయసుకు తగ్గ బరువు నుంచి తక్కువ బరువులోకి, జారింది. టీచరు ఆ మాట గుమ్మంలోనే, అందరి ముందూ చెప్పేసింది. "మేం తిండి పెట్టడం లేదనా?" అని నాయనమ్మ పాపను చంకనేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

వారం తర్వాత టీచరూ, మా సభ్యురాలూ వాళ్లింటికి వెళ్లారు. చార్టు సంచిలోనే ఉంచి, పాప ఏం ఇష్టంగా తింటుందని అడిగారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం పిండితో చేసిన జావ నోట్లో పెడితే పాప ఉమ్మేస్తోంది. నెలకిచ్చే రెండున్నర కిలోల ప్యాకెట్టును అన్నలే ఖాళీ చేస్తున్నారు. అందులో ఉన్నది వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనే కదా, ఉండలు కట్టి చూద్దామని నాయనమ్మే అంది. పాప తింది. తర్వాతి సమావేశంలో ఆ ఉండలు చేసి చూపించింది కూడా ఆవిడే. ఆ రోజు వచ్చినంత మంది మా నోటీసులకు ఏనాడూ రాలేదు. మార్చి తూకంలో పాప ఇంకా పసుపులోనే ఉంది, అయితే గీత పైకి లేస్తోంది.

టీచరును తప్పుపట్టడం తేలిక. రిజిస్టర్లు, పోషణ్ ట్రాకర్ అనే ఫోను యాప్‌లో నమోదులు అయ్యేసరికి ఆమెకు ఊపిరాడదు. అందుకే పిల్లలు వెళ్లే వేళకు మన సభ్యులు ఇద్దరు అక్కడ ఉండి పిల్లలను చూసుకుంటున్నారు. ఆ అరగంట టీచరు పెద్దవాళ్లతో తీరిగ్గా మాట్లాడుతోంది. బరువు, జబ్బు, పిల్లలు ఒకరినొకరు కొరికిన గొడవలాంటివి మాత్రం గుమ్మంలో ఎత్తడం లేదు.

అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) 1975 అక్టోబరు 2న మొదలైంది. 2025 అక్టోబరుకు 50 ఏళ్లు. ఆ రోజు తండ్రులను పిలవాలని అనుకుంటున్నాం. ఈ ఏడాది ఒక్కరూ రాలేదు. ఒడియా తెలిసిన సభ్యులు వారానికి ఒక సాయంత్రం కేటాయించాలని మనవి.

ఇట్లు,
ఉపసంఘం కార్యదర్శి