రుయా ఆస్పత్రి గేటు కాడ సంగటి పెట్టిన అక్కకి

అక్కా, నీ పేరు కూడా అడగలేదు నేను, ఇది నీ దాకా చేరుతుందో లేదో గానీ రాయకుండా ఉండలేకపోతా ఉండా. నాయన్ని రుయాలో చేర్పించి 11 దినాలు తిరపతిలోనే ఉన్నాం, కూలి లేదు, డబ్బులు అయిపోయినాయి, అమ్మ ఆకల్లేదని చెప్పి నీళ్లు తాగి పడుకునేది. నువ్వు స్టీలు క్యారియర్ విప్పి వేడి సంగటి ముద్ద, చెనిక్కాయ ఊరిబిండి పెట్టి "ముందు తినమ్మా" అన్నావే, అది మర్చిపోను.

అంతకన్నా పెద్ద సాయం ఇంకోటి, మా రేషన్ కార్డు పలమనేరుదైనా తిరపతి షాపులోనే వేలిముద్ర వేసి మనిషికి 5 కిలోల బియ్యం తీసుకోవచ్చని చెప్పి నువ్వే వెంటబెట్టుకుని పోయినావు. ముగ్గురికి 15 కిలోలు. ఆ నెల బియ్యానికి అప్పు చేయలేదక్కా. నాయన ఇప్పుడు నడస్తా ఉండాడు, అమ్మ నిన్ను రోజూ తలుచుకుంటాది.